ఈవిడెవులు?

అల్లిపురం సందులో మా ల్యాబు షట్టరెత్తగానే
ముందు గాజు తుడవాలి.
రాత్రికి రాత్రే పోర్టు నుంచి వచ్చి కూర్చుంటుంది
స్కానరు మీదా, లెన్సు మీదా బొగ్గుపొడి.
తుడవకపోతే
ప్రతి పెళ్ళికొడుక్కీ ఒక పుట్టుమచ్చ.

తర్వాత తెర.
ఎండ పడకుండా పాత క్యాలెండరు అట్ట అడ్డం పెట్టి
రంగులు కొలిచే ఎలకలాంటి పరికరాన్ని
దాని మీదకి వేలాడదీస్తాను.
ఎరుపు, పచ్చ, నీలం
ఒక్కోటీ దాని నోట్లో పోసినట్టు వెలిగి ఆరతాయి.
"కళ్ళని నమ్మకు, తొందరగా అలవాటు పడిపోతాయవి"
అనేవారు ఎల్లాజీ మేస్టారు.
నెగెటివ్ మీద పెన్సిలు మొన తిప్పి
బుగ్గల గుంటలు పూడ్చిన మనిషి.
ముక్కు కింద నీడని మాత్రం ముట్టుకునేవారు కాదు.

నాకు పెన్సిలు లేదు.
ఒకచోటి నునుపు తీసి ఇంకోచోట అతికించే స్టాంపుంది.
గీతని పైకి లాగితే తెల్లబడే మొహాలున్నాయి.
"కొంచెం తెల్లగా"
ఈ మాట వినని రోజు లేదు,
పెందుర్తి నుంచొచ్చినా, పెదవాల్తేరు నుంచొచ్చినా.
కొంచెమంటే ఎంతో
ఏ స్లైడరు మీదా రాసి లేదు.

జాలరిపేట పోలమ్మ ఫోటో కూడా
అలాగే చేశాను, అడక్కుండానే.
ఎండుచేపల బుట్ట గట్టు మీద దించి
స్టూలు మీద నిటారుగా కూచుని తీయించుకుంది.
పన్నెండు బై పద్దెనిమిది, మ్యాటు.
"నాను పోయినాక మావోలు ఏదో ఓటి ఎట్టేత్తారు,
ఆధార్ కార్డుల బొమ్మ పెద్దది చేసి.
అందుల నాను దొంగలాగుంతాను బావూ.
నాకు నచ్చింది నానుండగానే గోడకెట్టుకుంతాను."

రెండోరోజు వచ్చి చూసింది.
దగ్గరగా చూసింది, చెయ్యి చాచి దూరంగా చూసింది.
"బాగుంది బావూ.
ఇంతకీ ఈవిడెవులు?"

నవ్వుతుందనుకున్నా. నవ్వలేదు.
గడ్డం పక్కన వేలు పెట్టి
"ఈడుండాల మచ్చ. మాయమ్మకీ ఈడే ఉండీది.
సిన్నప్పుడు జనంలో తప్పిపోతే
దీన్ని సూసే నన్ను పట్టుకున్నారంట."

నలకనుకున్నానని ఎలా చెప్పను?
చెప్పాను.
"మరి నువ్వు తుడవాల్సింది గాజు కదా" అంది.

మళ్ళీ ఫైలు తెరిచాను.
పొర పక్కన ఉండే కంటిగుర్తులు
ఒక్కోటే మూస్తూ పోయాను.
నునుపు పోయింది. తెలుపు పోయింది.
నుదుటి గీతలు, ఎండకి మాడిన చెవి అంచు
వచ్చి ఎవరి చోట వాళ్ళు కూర్చున్నారు.
మచ్చ వచ్చింది, దాని మీద ఒక్క వెంట్రుక.
అదీ ఉంచాను.
పోలమ్మ ఫైనల్, పోలమ్మ కొత్త ఫైనల్...
మూడోదానికి 'ఈవిడే' అని పేరు పెట్టాను.

ప్రింటరు అంత తొందరగా మాట వినలేదు.
సముద్రపు చెమ్మకి కాగితం అంచులు లేచాయి.
మొదటిసారి మొహం గులాబీకి తిరిగింది,
నాజిల్ కడిగితే నీలం గీత తెగింది.
తెర వెనకాల దీపముంటుంది.
కాగితం వెనకాల ఏముంటుంది, గోడ తప్ప?
ఆవిడ నలుపుకి
నల్ల సిరా ఒక్కటీ చాల్లేదు.
పసుపు అడిగింది, ఎరుపు అడిగింది,
చెంప ఎముక మీద రవ్వంత లేతనీలం అడిగింది.
తెల్లమొహాలు చేసి చేసి
ఇన్నేళ్ళూ నేను సిరా మిగుల్చుకున్నానని
అప్పుడు తెలిసింది.

ఆరకముందే ముట్టుకుంది.
మూలన వేలిముద్ర.
"మళ్ళీ తీస్తానుండమ్మా."
"ఉండనీ బావూ. నాకు సంతకం రాదు."

బుట్ట మీద అట్టపెట్టె అడ్డంగా పెట్టుకుని
సందు మలుపు తిరిగింది.
ఆ వాసన ఇంకా కొట్లోనే ఉంది.
పాస్‌పోర్టు సైజు కోసం వచ్చిన కుర్రాడు
ముక్కు మూసుకుని అన్నాడు,
"అన్నా, కొంచెం తెల్లగా..."

గుడ్డ ఎక్కడ పెట్టానో వెతుక్కున్నాను.